వాహన నంబరు గడి

మాఘమాసం. సిరొంచ కలప డిపోల
నాది రాత్రి కావలి.
పొద్దుగూకినంక ప్రాణహిత అవతల
తెలంగాణ గట్టు మీద
ఒక వెలుగు నిలబడ్డది.

దీపం కాదు. దీపమైతే గాలికి తలూపుతది.
బండి కాదు. బండైతే ఎక్కడో ఒక కాడ మలుపు తిరుగుతది.
నీళ్ల మీద దాని తోవ
మా ఒడ్డు దాకా తెల్లగ సాగింది,
ఎవలో గంజి ఒలకబోసినట్టు.

పడవ ఎల్లం అన్నడు: బ్యారేజి మీద కొత్త లైటు.
పాన్‌టపరి కాడి పోరగాళ్లు అన్నరు: డ్రోను. మనల్నే చూస్తున్నది.
ఆ మాట తర్వాత ఎవ్వలూ నోరిప్పలే.
మా దిక్కు, మీదికెల్లి ఏదన్న చూస్తున్నదంటే
కిందున్నోళ్లు ముందుగాల
జేబుల కాయితాలు తడుముకుంటరు.

ఝాడే సాహెబు ఫోనుల అరిచిండు:
"రజిస్టర్ మధే లిహా!"
రాసిన.
సమయం: ఏడు గంటల పది నిమిషాలు.
దిశ: పడమర.
వాహన నంబరు: ఆ గడిల ఏం రాయాలె?
గీత కొట్టిన.
కావలిదారు సంతకం: భుజంగ్.

నా పేరు బుచ్చం. కాసర్ల బుచ్చం.
ఇరవై ఆరేండ్ల కింద నౌకరీల చేరిన్నాడు
నాగపూరు దిక్కుకెల్లి వచ్చిన బాబు
తన చెవికి ఇంపైనట్టు రాసుకున్నడు.
అప్పటిసంది జీతం భుజంగ్‌కొస్తది,
బుచ్చం ఖర్చు పెడతడు.

మర్నాడు
ఎత్తైన టేకు దుంగ కొసకు మొల కొట్టి
ఒంటి కన్ను మూసి చూసిన.
వెలుగు మొల దాటి కిందికి జారింది,
పక్కనున్న సన్న చుక్కల నడకే దాని నడక.
చప్పుడు లేదు. రెప్ప కొట్టదు.
తొమ్మిదిన్నరకు అవతలి చెట్లల్ల దిగింది.
నెల రోజులు మొల కాడ నిలబడ్డ.
ఫాల్గుణంల దిగుడు తొందర చేసింది,
ఇంట్ల ఎవలకో పానం బాగలేనట్టు.
ఒకనాడు రానే లేదు.

రాసిన: వెలుగు లేదు.
ఎనిమిది రాత్రులు అదే ముక్క, అదే సంతకం.

తొమ్మిదోనాడు కోడి కూయకముందు
డిపో వెనుక, తూర్పు అడవి మీద
ఇంకో వెలుగు. అట్లనే తెల్లది.
టార్చి నోట్ల పట్టుకొని
"రెండవ వెలుగు" అని రాస్తున్న.
ఇప్పపువ్వు ఏరబోతున్న తలాండి జూరి
బీడీకి నిప్పు కోసం కంచె కాడ ఆగింది.
ఏం రాస్తున్నవన్నది. చదివి వినిపించిన.

నవ్వింది. గదవ మీది పచ్చబొట్టు చుక్కలు
దగ్గరకొచ్చి మల్ల దూరం జరిగినయి.
"సుక్కుం" అన్నది వాళ్ల మాటల.
"మా అత్త దీన్ని చూసే లేచేది.
సందెకు నది దిక్కు పోతది,
వారం పది దినాలు యాడనో పండుకుంటది,
మల్ల ఇటుకెల్లి లేస్తది.
అదే ఇది. రెండోదెక్కడిది?"

వేగుచుక్క!
మా నాయిన వల ఎత్తేటందుకు దీని కోసమే చూసేటోడు.
రెండు నెలలు దాని ఎదురుంగ కూసున్న,
డ్రోను యాదికొచ్చింది, బ్యారేజి యాదికొచ్చింది,
ఆ ఒక్క మాట రాలే.

జూరి పోయింది. బీడీ నిప్పు
కాసేపు చెట్ల నడుమ కనవడ్డది.

"రెండవ" కొట్టేసిన.
ఖాళీ ఉన్నది ఆ గడే గనుక
వాహన నంబరు కింద ఇరికించి ఇరికించి రాసిన:
శుక్రతారా, వేగుచుక్క, సుక్కుం.
సంతకం కాడ చెయ్యి ఆగింది.
మల్ల కదిలింది.

పొద్దెక్కినంక ఝాడే సాహెబు వచ్చి
పేజీ మీద వేలు పెట్టిండు.
పేర్ల సంగతి అడగలే. చుక్క సంగతి అడగలే.
"రాత్రి డ్యూటీ భుజంగ్‌ది గదా,
ఈ బుచ్చం ఎవలు?"